జపాన్ వెళ్లేవారికి మర్యాద పాఠాలు – 3: గెన్‌కాన్‌లో బూట్లు విప్పడం

కిందటి పాఠంలో సూట్‌కేస్ సర్దుకున్నాం. చిరుగుల్లేని సాక్సులు ఎక్కువ జతలు పెట్టుకోమని ఎందుకు చెప్పానో ఈ పాఠంలో తెలుస్తుంది.

చెప్పులు బయట విడవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే, కొత్తగా నేర్చుకునేదేముంది అనిపించవచ్చు. నిజానికి ఆ అలవాటు వల్లే పొరబడతాం. మనం గుమ్మం బయట చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో వరండా దాటి లోపలికి వెళ్తాం. జపాన్ ఇంట్లో బూట్లతోనే తలుపు దాటాలి. లోపల పల్లంగా కొంచెం చోటు ఉంటుంది, అదే గెన్‌కాన్. ఇంటి నేల దానికంటే ఒక మెట్టు ఎత్తులో మొదలవుతుంది. పల్లం వరకూ వీధి కిందే లెక్క, మెట్టు ఎక్కితే ఇల్లు. బూటు మెట్టెక్కకూడదు, సాక్సు వేసుకున్న కాలు పల్లంలో ఆనకూడదు. మనవాళ్లు ఈ రెండో మాటే మరిచిపోతారు. బూట్లు విప్పేసి ఆ పల్లంలోనే రెండడుగులు వేస్తే, వీధి దుమ్ము సాక్సులతో పాటు ఇంట్లోకి వెళ్లినట్టే.

మెట్టుకు ఎదురుగా నిలబడండి. ఒక బూటు విప్పి, ఆ కాలు తిన్నగా మెట్టు మీద పెట్టండి. తర్వాత రెండోది. ఎక్కాక ఇంటివాళ్లకు పూర్తిగా వీపు చూపకుండా కాస్త పక్కకు తిరిగి, మోకాళ్ల మీద వంగి, బూట్ల ముక్కులు తలుపు వైపుకు తిప్పి ఓ వారగా పెట్టండి. ఎక్కేటప్పుడు "ఒజామ షిమసు" అనండి. మీకు ఇబ్బంది కలిగిస్తున్నాను అని దాని భావం. ఈ ఒక్క మాటకే వాళ్ల ముఖాలు విప్పారతాయి.

పైన స్లిప్పర్లు ఇస్తే తొడుక్కోండి. తతామి, అంటే గడ్డి చాపలు పరిచిన గది వస్తే వాటినీ బయటే విడవాలి. టాయిలెట్‌లో వేరే స్లిప్పర్లు ఉంటాయి, బయటికొస్తూ వాటిని అక్కడే వదిలేయండి. అవి వేసుకుని భోజనాల గదిలోకి వస్తే ఎవరూ ఏమీ అనరు గానీ లోలోపల చాలా ఇబ్బంది పడతారు.

క్యోటోలో నిజో కోటలోని నినొమారు భవనంలోకి వెళ్లాలన్నా బూట్లు విప్పాల్సిందే. కాబట్టి లేసులు లేని బూట్లయితే టెన్షన్ ఉండదు.

అభ్యాసం: ఇంట్లో మెట్టు దగ్గర, గోడ పట్టుకోకుండా పదిసార్లు విప్పి చూడండి. కాలు కింద ఆనితే మళ్లీ మొదటి నుంచి. వచ్చే పాఠంలో యుకాత, అంటే జపాన్ వాళ్ల పల్చటి నూలు కిమోనో, కట్టుకుందాం. ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేసేది చనిపోయినవారికి. అప్పటిదాకా ఇది గుర్తుంచుకోండి.