ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమం – మూడవ పాఠం: తొలి ఆరోగ్య పరీక్ష

గత పాఠంలో మనం నమూనాగా తీసుకున్న స్పిన్నింగ్ మిల్లులో మూడు షిఫ్టులూ తిరిగి, ఎవరు ఎంతసేపు నిలబడి పనిచేస్తున్నారో, తాగునీరు, మరుగుదొడ్లు ఎంత దూరంలో ఉన్నాయో రాసుకున్నాం. ఆ నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. తొలి ఆరోగ్య పరీక్షకు అదే ఆధారం.

చాలాచోట్ల ల్యాబువారు ఇచ్చే ప్యాకేజీనే కొని, అందరికీ ఒకే పరీక్షలు చేయించి, కాగితాలు ఫైలులో పెట్టేస్తారు. దాన్ని ఆరోగ్య కార్యక్రమం అనడానికి నా మనసు ఒప్పుకోదు. చేసే పని ఒంట్లో దేని మీద భారం వేస్తున్నదో చూసి పరీక్షను ఎంచుకోవాలి. బ్లో రూములో (పత్తి బేళ్లను విప్పి దులిపే చోట), కార్డింగులో (పత్తిని దువ్వే చోట) ఉండేవారు పత్తి ధూళిని పీలుస్తారు. దానివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బైసినోసిస్ తొలి దశలో, వారాంతపు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ పట్టేసినట్టుండి, ఆ తర్వాతి రోజుల్లో సర్దుకుంటుంది. అందువల్ల "ఆయాసం ఉందా?" అని అడిగితే లేదనే చెబుతారు. "సెలవు మరునాడు డ్యూటీకి వస్తే ఛాతీ బిగబట్టినట్టు ఉంటుందా?" అని అడగాలి, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల శక్తిని కొలిచే పరీక్ష) కూడా ఆ రోజే, షిఫ్టుకు ముందొకసారి, షిఫ్టు ముగిశాక మరొకసారి చేయించాలి. డాక్టరుగారికి వీలైన రోజని గురువారం పెట్టుకుంటే ఈ జబ్బు చేతికి చిక్కకుండా పోవచ్చు. నూలు వడికే రింగ్ ఫ్రేము యంత్రాల దగ్గర మోత ఎక్కువ గనుక వినికిడి పరీక్ష తప్పనిసరి. దాన్ని షిఫ్టు దిగగానే చేయకుండా, కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉన్న తర్వాత చేయాలి. స్త్రీలకు హిమోగ్లోబిన్ చూడటం మరవకండి. గర్భిణులు కానివారిలో డెసిలీటరు రక్తానికి 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే.

రక్తపోటు సులువైన పరీక్షలా కనిపిస్తుంది గానీ, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. ఒక మిల్లు క్యాంటీనులో పెట్టిన శిబిరంలో, టీ గ్లాసు అప్పుడే కింద పెట్టిన మనిషిని నిలబెట్టి, యూనిఫాం చొక్కా చేతి మీదుగానే పట్టీ చుట్టి, 152/96 అని రాసేశారు. అరగంట ఆగాక ఆయనను కుర్చీలో వెన్ను ఆనించి, పాదాలు నేలకు తాకేలా అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చొక్కా చేయి పైకి తీసి, మోచేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి చూస్తే 134/84 వచ్చింది. మొదటి అంకెను నమ్మి ఉంటే ఆయన ఆ రాత్రి నిద్రపోయేవారు కాదు. సరిగా చూసినా 140/90 లేదా ఆపైన వస్తే మరో రోజు మళ్లీ చూడాలే తప్ప, అక్కడికక్కడే జబ్బని తేల్చకూడదు.

ఇక ఫలితాలు ఎవరి చేతికి వెళ్లాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. షుగరు ఉందని తెలిస్తే నైట్ షిఫ్టు భత్యం పోతుందేమోనని పర్మినెంటు కార్మికుడు, పనే పోతుందేమోనని కాంట్రాక్టు కార్మికుడు భయపడతారు. ఆ భయం ఉన్నచోట పరీక్షకు ఎవరూ మనస్ఫూర్తిగా రారు. కాబట్టి ఎవరి ఫలితం వారికే, మూసిన కవరులో, వారు చదవగల భాషలో అందాలి. యాజమాన్యానికి విభాగాలవారీ మొత్తాలు మాత్రమే ఇవ్వాలి. పదిమంది కూడా లేని విభాగాన్ని పక్క విభాగంతో కలిపి చూపాలి, లేకుంటే పేరు రాయకపోయినా మనిషి తెలిసిపోతాడు.

కవరులో తర్వాత ఎక్కడికి వెళ్లాలో కూడా ఉండాలి. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తిస్తుంది. అందుకోసం వేతనంలో కార్మికుడు 0.75 శాతం, యజమాని 3.25 శాతం చెల్లిస్తున్నారు. అలా డబ్బు కడుతూ కూడా తన డిస్పెన్సరీ ఏదో తెలియనివారు ఉంటారు. కాంట్రాక్టు కార్మికులకు ఈఎస్ఐ నంబరు వచ్చిందో లేదో శిబిరానికి ముందే కాంట్రాక్టరును అడిగి తేల్చుకోండి.

అభ్యాసం: మీ సంస్థలో ఒక్క విభాగాన్ని తీసుకుని, అక్కడి పని వల్ల పడే భారం, దానికి తగిన పరీక్ష, అది చేయవలసిన రోజు, వేళ ఒక పేజీలో రాయండి. ఆ పేజీని ఆ విభాగంలో పనిచేసే ఇద్దరికి చదివి వినిపించి, వారు చెప్పిన మార్పులను అదే కాగితం మీద ఎర్ర సిరాతో దిద్దండి. నాలుగవ పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడదాం.