నల్ల మచ్చా, తెల్ల మచ్చా? ఫిల్మ్ కెమెరాలు, పాత డిజిటల్ సినిమా కెమెరాల్లో సమస్య - పరిష్కారం

రషెస్ (అప్పటిదాకా తీసిన షాట్లు) చూస్తుంటే ఫ్రేములో ఏదో తేడా కనిపిస్తుంది. వెంటనే ఒకరు ల్యాబ్‌ని అంటారు, ఇంకొకరు కెమెరా అద్దెకిచ్చినవాళ్ళని అంటారు. ఎవరినైనా అనేముందు మూడు విషయాలు రాసుకోండి: ఆ తేడా ఏ రంగులో ఉంది, ఎంత దూరానికోసారి వస్తోంది, ఏ షాట్‌లో మొదలై ఏ షాట్‌లో ఆగింది. చాలా సమస్యలకు కారణం స్క్రూ విప్పకుండానే అక్కడే తేలిపోతుంది. షార్ట్ ఫిల్మ్ కోసం బోలెక్స్, క్రాస్నోగోర్స్క్-3, ఆరీ 2సీ లాంటి ఫిల్మ్ కెమెరానో, రెడ్ వన్, మొదటి తరం బ్లాక్‌మ్యాజిక్ లాంటి పాత డిజిటల్ కెమెరానో తెచ్చుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఫ్రేము అంచున వెంట్రుక, బొమ్మ మీద మచ్చలు

ముందు రంగు చూడండి. నల్లగా ఉండి, ఫ్రేము అంచుకి అతుక్కుని కదులుతూ ఉంటే అది షూటింగ్‌లోనే గేట్‌లో (ఫిల్మ్‌కి వెలుతురు తగిలే కిటికీలో) ఇరుక్కున్న వెంట్రుకో, ఎమల్షన్ (ఫిల్మ్ మీద బొమ్మ పట్టే పూత) తునకో. వెలుతురు ఫిల్మ్ మీద పడకుండా అది అడ్డుకుంది. నెగటివ్‌లో ఆ చోటు ఖాళీగా మిగిలింది కాబట్టి పాజిటివ్‌లో నల్లగా వచ్చింది. అదే తెల్లటి చుక్కలు ఒక్క ఫ్రేములో మెరిసి పోతుంటే, అది షూటింగ్ అయ్యాక నెగటివ్ మీద చేరిన దుమ్ము. స్కాన్ చేసేటప్పుడు వెలుతురుకు అడ్డం వచ్చి, రంగులు తిరగేసేసరికి తెల్లగా కనిపిస్తోంది. రీషూట్ అక్కర్లేదు, నెగటివ్ క్లీన్ చేసి మళ్ళీ స్కాన్ చేయమనండి. ఈ ఒక్క తేడా తెలియక సీను మొత్తం మళ్ళీ తీస్తే నిర్మాత డబ్బుకీ, నటీనటుల కష్టానికీ అన్యాయం చేసినట్టే.

వెంట్రుకకు మందు గేట్ చెక్. ఓకే అయిన ప్రతి టేక్ తర్వాత, ఆ సెటప్ వదిలే ముందు చూడాలి. లెన్స్ తీసి, చేత్తో మెకానిజం తిప్పి షటర్ తెరుచుకున్నాక టార్చ్ వేసి చూడండి. లెన్స్ బొమ్మని తలకిందులు చేస్తుంది కదా, తెర మీద పైఅంచున కనిపించిన వెంట్రుక గేట్‌లో కింద ఉంటుంది. వెతికేటప్పుడు ఇది మర్చిపోవద్దు. తీయడానికి బ్లోయర్, మెత్తటి కొయ్యపుల్ల వాడండి. పిన్నీసు, స్క్రూడ్రైవర్ లాంటి ఇనుప వస్తువేదీ గేట్ దగ్గరికి రానివ్వద్దు. అక్కడ పడిన గీటు ఆ తర్వాత నడిచే ప్రతి రోలునీ గీస్తుంది.

డిజిటల్‌లో మచ్చ ప్రతి షాట్‌లో ఒకే చోట కదలకుండా ఉండి, లెన్స్ రంధ్రం చిన్నదయ్యే ఎఫ్ 16 దగ్గర స్పష్టంగా కనబడి, 2.8 దగ్గర మాయమైతే దుమ్ము సెన్సార్ ముందున్న ఫిల్టర్ గాజు మీద ఉంది. ముందు బ్లోయర్‌తో ప్రయత్నించండి. పోకపోతే సర్వీస్ తెలిసినవాళ్ళ చేతికివ్వండి.

పొడవునా నిలువు గీత

ఆగకుండా సాగే గీతంటే, ఫిల్మ్ నడిచే దారిలో ఏదో ఒకటి దాన్ని తాకుతోంది. ఎక్కడో పట్టుకోవడం తేలికే. పనికిరాని ఫిల్మ్ కొంత లోడ్ చేసి, నడిపి, ఆపండి. తలుపు తెరిచి ఫిల్మ్ మ్యాగజైన్‌లోంచి (రోలు ఉండే డబ్బాలోంచి) బయటికొచ్చే చోట, గేట్ దగ్గర, మళ్ళీ మ్యాగజైన్‌లోకి వెళ్ళే చోట మార్కర్‌తో గుర్తులు పెట్టండి. ఆ ముక్క బయటికి తీసి దీపం కింద ఏటవాలుగా తిప్పి చూస్తే గీత ఏ గుర్తు తర్వాత మొదలైందో కనిపిస్తుంది. గేట్‌కి ముందే ఉంటే తప్పు మ్యాగజైన్‌లో ఫిల్మ్ విడివడే ఫీడ్ వైపుది. ఆఖరి గుర్తు దాటాక వస్తే ఫిల్మ్ మళ్ళీ చుట్టుకునే టేకప్ వైపుది.

క్రాస్నోగోర్స్క్-3లో తరచుగా దోషి ఆటోమేటిక్ లూప్ ఫార్మర్, అంటే గేట్‌కి పైనా కిందా ఫిల్మ్‌ని వదులు వంపుగా (లూప్‌గా) వేసే భాగం. ఫిల్మ్ వేయడం సులువవుతుందని పెట్టిన భాగం అది, కానీ ఫిల్మ్‌ని గీస్తుంది. తెలిసిన మెకానిక్ చేత తీయించేసి లూప్ చేత్తో వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

పడిపోయిన గీత సంగతి ఏ వైపుదన్నదాన్ని బట్టి ఉంటుంది. బేస్ వైపుదైతే (పూత లేని వైపు) వెట్ గేట్ స్కాన్‌లో (ఫిల్మ్‌ని ద్రవంతో తడిపి చేసే స్కాన్‌లో) చాలావరకు మాసిపోతుంది. ఎమల్షన్ వైపుదైతే బొమ్మే పోయింది, ఇక ఫ్రేము ఫ్రేముకీ పెయింట్ చేయించడమే దారి. పొడుగు గీత కాకుండా పొట్టి పొట్టి గీతలు అక్కడక్కడా ఉంటే కెమెరాని అనుమానించకండి. రోలు వదులుగా చుట్టుకుని, పొరలు ఒకదానికొకటి రాసుకున్నాయన్నమాట. వదులైన రోలుని లాగి బిగిస్తే అది ఇంకా పెరుగుతుంది.

అంచుల్లో పొగ, తెలుపెక్కిన ఫ్రేములు

లైట్ లీక్. అది కొంత దూరానికోసారి వస్తుంటే చుట్టి ఉన్న రోలుకే వెలుతురు తగిలింది, అంటే మ్యాగజైన్ మూత. రోలు ముందుకు వెళ్ళేకొద్దీ ఆ దూరం తగ్గుతుంటే ఫీడ్ వైపు, పెరుగుతుంటే టేకప్ వైపు. కెమెరా ఆపిన చోట మాత్రమే కొన్ని ఫ్రేములు పాడైతే కెమెరా తలుపుదో, వ్యూఫైండర్‌దో. కన్ను పెట్టనప్పుడు ఐపీస్ మూసేయాలి, లేకపోతే వెనకనుంచి వెలుతురు లోపలికి పోతుంది. తలుపు చుట్టూ, మ్యాగజైన్ అతుకుల మీద నల్ల కెమెరా టేపు వేయడం ఆనవాయితీగా ఊరికే రాలేదు.

రోలంతా సమానంగా బూడిదరంగు తేలితే పాత స్టాకో, ఎండలో కార్లో వదిలేసిన డబ్బానో, ఎయిర్‌పోర్ట్ స్కానరో కారణం. అమెరికా నుంచి బంధువులతో ఫిల్మ్ తెప్పించుకునేవాళ్ళు ముందే చెప్పండి: చెక్-ఇన్ సామానులో అస్సలు వద్దు, చేతి సామానుకి వచ్చిన కొత్త సీటీ స్కానర్లు కూడా డెవలప్ చేయని ఫిల్మ్‌కి ప్రమాదమే, చేత్తో తనిఖీ చేయమని అడగాలి. పాత స్టాక్ దొరికితే మొదట కొన్ని అడుగులు తీసి డెవలప్ చేయించి చూడకుండా షూటింగ్ పెట్టుకోవద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా టేపు విప్పకుండా కొన్ని గంటలు బయట ఉంచండి, ముఖ్యంగా వైజాగ్ లాంటి ఉక్క ఊళ్ళలో. చల్లటి ఫిల్మ్‌కి గాలి తగిలితే తేమ పట్టేస్తుంది.

వెలుతురు ఊపిరి తీస్తున్నట్టు పెరిగి తగ్గడం

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. మ్యాగ్నెటిక్ బల్లాస్ట్ (పాతరకం చోక్) ఉన్న ట్యూబ్‌లైట్, హెచ్ఎంఐ (షూటింగ్‌లో వాడే పెద్ద లైటు), వీధి దీపం సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతాయి. సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షటర్ (తిరిగే షటర్ సగం చుట్టు తెరిచి ఉండడం) అంటే ఒక్కో ఫ్రేముకి సెకనులో 48వ వంతు. ఆ సమయంలో సరిగ్గా రెండు వెలుగులు పట్టవు. అందుకే ఒక ఫ్రేముకి కాస్త ఎక్కువ, ఇంకోదానికి కాస్త తక్కువ వెలుతురు పడి తెర మీద వణుకు కనిపిస్తుంది. 60 హెర్ట్జ్ దేశాలవాళ్ళు రాసిన పట్టికలు చూసి సెట్ చేసుకుంటే మన ఊళ్ళో ఇదే జరుగుతుంది.

షటర్ మార్చే వీలుంటే 172.8 డిగ్రీలు పెట్టండి. 24 ఫ్రేముల దగ్గర అది సరిగ్గా సెకనులో 50వ వంతు, రెండు వెలుగులు నిండుగా పడతాయి. షటర్ మార్చలేని పాత కెమెరాకి ఇంకో దారి ఉంది: వేగం తప్పని క్రిస్టల్ మోటారుతో 25 ఫ్రేముల వేగంలో తీయండి. ఒక్కో ఫ్రేముకి సరిగ్గా నాలుగు వెలుగుల దూరం కాబట్టి షటర్ ఎంతున్నా ప్రతి ఫ్రేముకీ ఒకే వాటా వస్తుంది. పాటలో స్లో మోషన్ కావాలంటే 48 కాదు, 50 పెట్టండి. స్ప్రింగ్ కెమెరాలోనూ, క్రిస్టల్ లేని మోటారులోనూ వేగమే నిలకడగా ఉండదు. వాటితో ట్యూబ్‌లైట్ల కింద తీయకండి. పగటి వెలుతురు, పెద్ద టంగ్‌స్టన్ లైట్లు అయితే పర్వాలేదు, ఆ ఫిలమెంట్ సగం క్షణంలో చల్లారేది కాదు.

అన్నీ సరిగ్గా పెట్టినా వణుకు వస్తే జనరేటర్ చూడండి. లోడ్ పెరిగినప్పుడు అది 50 నుంచి జారిపోతుంది. లైట్‌మెన్‌ని అడిగి మీటర్ ఒకసారి చూడడం ఒక నిమిషం పని, పోయిన రాత్రి షూటింగ్ తిరిగి రాదు. ఎలక్ట్రానిక్ బల్లాస్ట్‌కి ఫ్లికర్-ఫ్రీ స్విచ్ ఉంటే అది వేయించండి.

పాత డిజిటల్ కెమెరాలో ఇదే సమస్య అడ్డంగా జరిగే చారలుగా వస్తుంది, సెన్సార్ వరసవరసగా చదువుతుంది కాబట్టి. మందు అదే, సెకనులో 50వ వంతు. చవక ఎల్ఈడీ ప్యానెల్‌ని డిమ్ చేసినప్పుడు వచ్చే చారలకు మాత్రం ఇది పనిచేయకపోవచ్చు. దాన్ని ఫుల్‌లో పెట్టి దూరం జరపండి, లేదా ముందు నెట్ కట్టండి.

వ్యూఫైండర్‌లో షార్ప్, తెర మీద సాఫ్ట్

జూమ్ లెన్స్‌తో పరీక్షించండి. టెలీలో ఫోకస్ పట్టి, వైడ్‌కి వచ్చేసరికి మెత్తబడితే బ్యాక్ ఫోకస్ తప్పింది. పీఎల్ మౌంట్‌లో (సినిమా లెన్స్ బిగించే ఒక రకం అమరికలో) లెన్స్ కూర్చునే చోటుకీ ఫిల్మ్‌కీ మధ్య 52 మిల్లీమీటర్లు ఉండాలి, మిల్లీమీటరులో వందో వంతుల తేడా కూడా వైడ్ లెన్సులో దొరికిపోతుంది. ఫిల్మ్ కెమెరాలో గ్రౌండ్ గ్లాస్ (వ్యూఫైండర్ కోసం బొమ్మ పడే గరుకు గాజు) దూరం వేరుగా ఉన్నా ఇంతే: కంటికి ఒకటి, ఫిల్మ్‌కి ఇంకొకటి. సెట్ మీద సరిచేసే పని కాదిది. అంతవరకు టేపుతో కొలిచి, లెన్స్ స్కేల్ నమ్మి, స్టాప్ మూసి (లెన్స్ రంధ్రం చిన్నది చేసి) తీయండి.

లైట్ల నుంచి నిలువుగా సాగే వెలుగు తోకలు

షటర్ పూర్తిగా మూయకముందే ఫిల్మ్ కదులుతోంది. టైమింగ్ తప్పింది, మెకానిక్ పని. బొమ్మ పైకీ కిందకీ ఎగురుతుంటే ముందు లూప్ సైజు చూడండి. ఆరీ 2సీకి రిజిస్ట్రేషన్ పిన్ (ఫ్రేముని కదలకుండా పట్టే పిన్ను) లేదు కాబట్టి దానిమీద టైటిల్స్ పడే స్టాటిక్ షాట్లు, గ్రాఫిక్స్ షాట్లు పెట్టుకోకపోవడమే మేలు.

నల్లకోటు గోధుమరంగులో కనిపించడం

కోర్టు మెట్ల మీద పగటి సీను. లాయర్ కోటు ఒకటి నల్లగా, పక్కాయనది ముదురు గోధుమరంగులో వస్తుంది. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు పని ఇది. రెడ్ వన్, మొదటి బ్లాక్‌మ్యాజిక్ కెమెరాల సెన్సార్‌కి అది కనిపిస్తుంది. మామూలు ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే బూడిదరంగు గాజు) కనిపించే వెలుతురుని తగ్గిస్తుంది గానీ ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేస్తుంది. అందుకే 1.2 దాటిన ఎన్‌డీ వేసేకొద్దీ రంగు ముదురుతుంది. సింథటిక్ బట్ట ఒకలా, నూలు ఒకలా స్పందిస్తాయి, కాబట్టి గ్రేడింగ్‌లో మొత్తానికి ఒకేసారి సరిచేయడం కుదరదు. ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపే ఐఆర్ ఎన్‌డీ ఫిల్టర్లు అద్దెకు తెచ్చుకోండి. అవి దొరకకపోతే ఎన్‌డీ తగ్గించి స్టాప్ మూయండి, షటర్ కొంచెం తగ్గించండి, షూటింగ్‌కి ముందే కాస్ట్యూమ్స్ అన్నీ ఆ ఫిల్టర్‌తో ఒక షాట్ తీసి చూడండి.

నీడల్లో నాయిస్

రంగురంగుల గింజలు నీలంలో ఎక్కువగా ఉంటే, టంగ్‌స్టన్ లైటు కింద తీశారన్నమాట. ఆ లైటులో నీలం తక్కువ, కెమెరా దాన్ని బలవంతంగా పెంచుతుంది. మొదటి రెడ్ వన్ సెన్సార్ పగటి వెలుతురుకే బాగా పనిచేస్తుంది, ఐఎస్ఓ 320 దగ్గర తీయండి. తర్వాత వచ్చిన ఎంఎక్స్ సెన్సార్ అయితే 800. లైట్లకు సగం నీలం జెల్ వేసినా తేడా తెలుస్తుంది.

గింజలు కాకుండా కదలని నిలువు చారలుంటే సెన్సార్ క్యాలిబ్రేషన్ చేయాలి. కెమెరా ఆన్ చేసిన వెంటనే కాదు, బాగా వేడెక్కాక, లెన్స్ మూత పెట్టి చేయాలి. పొద్దున ఏసీ గదిలో చేసిన క్యాలిబ్రేషన్ మే నెల మధ్యాహ్నం రామగుండంలో పనికిరాదు. లొకేషన్‌లో మళ్ళీ చేయండి. కెమెరా మీద గొడుగు పట్టించండి, ఫ్యాన్ జాలీలో దుమ్ము తుడవండి.

రికార్డింగ్ మధ్యలో ఆగిపోవడం

కార్డ్ మారిస్తే బాగుపడితే కార్డే. కంప్యూటర్‌లో డిలీట్ చేసి మళ్ళీ వాడుతున్న కార్డులు ఇలా చేస్తుంటాయి, కాపీ రెండు చోట్ల తీసుకున్నాక ఫార్మాట్ చేయండి. రెడ్ వన్‌కి తిరిగే హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే డీజే స్పీకర్ పక్కనా, కారు బానెట్ మీదా అదురుకు ఫ్రేములు వదిలేస్తుంది, అలాంటి షాట్లకు సీఎఫ్ కార్డ్ వాడండి. ఏ కార్డ్ వేసినా ఆగిపోతుంటే బ్యాటరీ చూడండి. పాత సెల్స్ లోడ్ లేనప్పుడు ఫుల్ చూపించి, కెమెరా లోడ్ పడగానే వోల్టేజ్ జారిపోతాయి. మెయిన్స్ అడాప్టర్ మీద అదే కార్డ్‌తో పది నిమిషాలు రికార్డ్ చేసి చూస్తే బ్యాటరీదో కాదో తేలిపోతుంది.