పాత కారులో ఏసీ చల్లబడకపోతే ఏం చూడాలి?

"గ్యాస్ అయిపోయింది సార్, కొట్టేద్దామా?" ఏసీ చల్లగా రావట్లేదని కారు తీసుకెళితే ముందు వినిపించే మాట ఇదే. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో తిరిగిందే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. మా పాత కారుకు రెండు వేసవులు వరసగా కొట్టించాక గానీ నాకీ సంగతి తలకెక్కలేదు. అందుకే ఖర్చు లేని పనులతో మొదలుపెట్టండి.

1. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బ్లోయర్ పెంచి ఏసీ నొక్కండి. గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు, అంటే కంప్రెసర్ దగ్గర 'టక్' మని దాని క్లచ్ (ఇంజిన్ బెల్టుతో దాన్ని కలిపేది) పట్టుకోవాలి. చప్పుడు లేకపోతే ముందు ఫ్యూజ్, తర్వాత రిలే (క్లచ్‌కు కరెంటు వదిలే చిన్న స్విచ్) చూడండి. అదే నంబరు రిలే హారన్‌కు ఉంటే, దాన్ని తీసి ఇక్కడ పెట్టి చూడండి. గ్యాస్ మరీ తగ్గినా ప్రెషర్ స్విచ్ క్లచ్‌ను పట్టనివ్వదు.

2. బండి కదులుతుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగా వస్తోందా? అనుమానం కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ మీదే. ఏసీ ఆన్‌లో అది తిరగాలి. చేయి మాత్రం దగ్గర పెట్టకండి, ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌కు దుమ్ము, పురుగులు అంటుకుని ఉంటే ఇంజిన్ చల్లారాక మామూలు పైపుతో మెల్లగా కడగండి. సర్వీసింగ్‌లో కొట్టే ప్రెషర్ నీళ్లకు దాని సన్నని రేకులు వంగిపోతాయి.

3. గాలే తక్కువగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా పాత బండ్లకు అసలు ఫిల్టరే లేదు, దుమ్మంతా లోపల గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీదే పేరుకుంటుంది.

4. చాలామంది వదిలేసేది హీటర్ వాల్వ్, అంటే ఇంజిన్ వేడి నీళ్లను హీటర్‌లోకి వదిలే కవాటం. కేబుల్ పట్టేసి అది పూర్తిగా మూసుకోకపోతే వేడి నీళ్లు హీటర్‌లోకి పోతూ, చల్లబడ్డ గాలిని మళ్లీ వేడి చేస్తాయి. కంప్రెసర్‌ది పాపం, ఏ తప్పూ ఉండదు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు లీకు వెతకాలి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి పైపుల జాయింట్ల దగ్గర జిడ్డుగా, దుమ్ము అంటుకుని ఉన్న చోటు చూడండి. చిన్న లీకైతే మెకానిక్ నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురుగు రాస్తాడు. ఈ పనులు మీరు చేయొద్దు. ఏసీల్లో వాడే ఆర్134ఎ గ్యాస్ మైనస్ 26 డిగ్రీలకే మరిగే ద్రవం, కంట్లో పడితే ప్రమాదం.

లీకు దొరికాక ఓ-రింగులు (జాయింట్లలోని రబ్బరు రింగులు), డ్రయర్ (గ్యాస్‌లోని తేమను పీల్చేది) కొత్తవి వేయించండి. గ్యాస్ బానెట్ స్టిక్కర్ మీదున్న గ్రాముల ప్రకారం తూచి ఎక్కించాలి. ఎక్కువైనా కూలింగ్ తగ్గుతుంది. అంతకుముందు కనీసం అరగంట పంపుతో పైపుల్లోని గాలంతా లాగించి (వాక్యూమ్), పంపు ఆపాక గేజ్ ముల్లు చూస్తూ నిలబడండి. అది పైకి కదిలిందా, లీకు ఇంకా ఉన్నట్టే. అప్పుడు గ్యాస్ సిలిండర్ తెరవనివ్వకండి.