తలకోన అడవికి వెళ్లేముందు: బైనాక్యులర్స్ ఎంపికలో జాగ్రత్తలు

కుందేలునైనా, కౌజుపిట్టనైనా వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక, ఈ సూచనలు శేషాచలం అడవుల్లో చిన్న ప్రాణులను దూరం నుంచి చూడదలచినవారికి మాత్రమే.

ముందుగా పరికరం మీద ముద్రించిన అంకెలను చదవండి. 8×42 అంటే దృశ్యాన్ని 8 రెట్లు దగ్గరగా చూపుతుందని, ముందున్న కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. 42ను 8తో భాగిస్తే వచ్చే సుమారు 5 మిల్లీమీటర్లే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు. 10×25లో అది 2.5 మాత్రమే కాబట్టి, తెల్లవారుజామున తలకోన చెట్ల నీడలో, పొద కింద కదిలే కుందేలు మసకగానే కనిపిస్తుంది. పైగా రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా పెరిగి కనిపిస్తుంది. అందుకే ఎక్కువ రెట్లుంటేనే మేలన్న అమ్మకందారు మాటను నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను.

కళ్లద్దాలు వాడేవారు వాటితోనే చూసి, దృశ్యం అంచులు తెగకుండా కనిపిస్తున్నాయో లేదో గమనించాలి. తిరుపతిలో కొంటున్నట్లయితే అంగడి బయటికి వచ్చి తిరుమల కొండ అంచును చూడండి. రెండు కళ్లకూ ఒకే బొమ్మ కనిపించకపోతే అది పనికిరాదు. ఈశాన్య రుతుపవనాల వానల్లోనూ తిరిగేవారు నీరు చొరబడని, లోపల నైట్రోజన్ నింపిన రకాన్నే తీసుకోవాలి. పరీక్షించేటప్పుడు పొరపాటునైనా సూర్యుని వైపు తిప్పకండి, చూపు పోతుంది.