వాసల్‌ల మ్యాపు మీద ఊరి పేర్లు పడేటట్టు చేసుకునుడు ఎట్ల

నేను నల్లగొండ, మా దోస్తు మహబూబ్‌నగర్, ఇద్దరం వాసల్‌ల (కంప్యూటర్ మీద బోర్డు గేములు ఆడే సాఫ్ట్‌వేర్) ఆడుతం, వాడు తన టర్న్ ఆడి ఫైల్ పంపుతడు, నాకు టైం దొరికినప్పుడు తెరిచి నాది ఆడి పంపుత. ఈ మధ్య ఆపరేషన్ పోలో (భారత సైన్యం హైదరాబాద్ సంస్థానం మీదికి వచ్చిన దాడి) మీద సొంతంగ ఒక మాడ్యూల్, అంటే వాసల్‌ల తెరిచే గేమ్ ఫైల్, చేస్తున్న, 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా, అదీ విజయవాడ దిక్కు నుంచి కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగ వచ్చిన దండు వరకే. మొదటి ఆటల చాట్ విండోల ముక్క కదిలింది "1407 నుంచి 1306" అని ఉత్త గడి నంబర్లే పడ్డయి, వాడు ఫోన్ చేసి "1306 అంటే ఏ ఊరురా బై" అన్నడు. నాకే తెల్వది, మ్యాపు తెరిచి లెక్కవెట్టి చెప్పిన.

మీకు గిట్ల కావొద్దంటే ముందుగాల మాడ్యూల్ ఫైల్‌ను ఇంకో పేరుతోని కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత వాసల్ లిస్టుల మాడ్యూల్ మీద రైట్ క్లిక్ కొట్టి ఎడిట్ మాడ్యూల్, అండ్ల మ్యాప్ విండో, దాని కింద మ్యాప్ బోర్డ్స్, దాని కింద మీ బోర్డు. లొకేషన్ పేర్లన్నీ ఆ బోర్డుకు పెట్టిన గ్రిడ్ (గడుల అమరిక) నుంచే వస్తయి.

హెక్స్ (ఆరు మూలల గడుల) మ్యాపు అయితే హెక్స్ గ్రిడ్ కింద గ్రిడ్ నంబరింగ్ కలపండి. అడ్డం నంబర్ ముందా నిలువు ముందా, ఎంతకాడికెల్లి మొదలు, ముందట సున్నా కావాల్నా, ఇవన్నీ అండ్లనే ఉంటయి. నంబర్లు గీసే టిక్ పెట్టి నాలుగు మూలలు చూడండి, ఒక్క మూల చూసి సరిపోయింది అనుకుంటే అవతలి మూలకు ఒక వరుస తేడా వస్తది, నాకు వచ్చింది.

ఊళ్ల నుంచి ఊళ్లకు రోడ్డు మీద జరిగే గేమ్ అయితే ఇర్రెగ్యులర్ గ్రిడ్ కలిపి డిఫైన్ రీజియన్స్ నొక్కండి, మ్యాపు తెరుచుకుంటది, ఊరి మీద రైట్ క్లిక్ కొట్టి రీజియన్ కలిపి పేరు రాయండి, అంతే. కానీ ఇక్కడ్నే నేను రెండు రోజులు తిప్పలు పడ్డ. రీజియన్ అంటే హద్దు గాదు, ఉత్త చుక్క. ముక్కను ఎక్కడ పెట్టినా దానికి దగ్గరున్న చుక్క పేరే పడుతది. నేను సూర్యాపేటకు ఒకటి, నకిరేకల్‌కు ఒకటి పెట్టిన, మూసీ దాటి అవతలి ఒడ్డున దించిన బెటాలియన్ ఇంకా సూర్యాపేటల్నే ఉన్నట్టు చూపెట్టింది! నది దాటినమా లేదా అన్నదే ఆట మొత్తం, మరి సాఫ్ట్‌వేర్‌కు నది ఏం తెలుస్తది, దానికి అది బొమ్మ. మూసీ అవతల ఇంకో చుక్క పెడితే సరైంది. పొడుగ్గ సాగిన ఏరియాకు ఒకటే పేరుతోని మూడు నాలుగు చుక్కలు పెట్టుకున్నా నడుస్తది. కానీ వేరే వేరే ఊర్లకు మాత్రం ఒకటే పేరు పెట్టకండి, మన దిక్కు కొత్తపల్లులు ఎన్ని ఉన్నయో మీకు తెలుసు, సెండ్ టు లొకేషన్ (ముక్కను పేరున్న చోటికి పంపే కమాండ్) వాడితే ముక్క ఏ కొత్తపల్లికి పోతదో దేవునికే ఎరుక. పక్కన మండలం పేరు తగిలియ్యండి.

హెక్స్‌లూ కావాలె, ఊరి పేరూ కావాలె అంటే మల్టీ జోన్డ్ గ్రిడ్, అంటే బోర్డు మీద హద్దు గీసి పేరు పెట్టే జోన్లున్న గ్రిడ్. బోర్డుకు ఒక్క గ్రిడ్డే ఉంటది కాబట్టి ఉన్న హెక్స్ గ్రిడ్‌ను కట్ చేసి దీని కింద పేస్ట్ కొట్టండి, తర్వాత సూర్యాపేట హెక్స్ చుట్టూ జోన్ గీసి పేరు పెట్టి, వెనకున్న గ్రిడ్‌నే వాడాలె అనే టిక్ పెట్టండి. లొకేషన్ ఫార్మాట్‌ల జోన్ పేరు, పక్కన గ్రిడ్ లొకేషన్ రెండూ వేసుకోండి, చేత్తోని టైప్ చెయ్యకుండ ఇన్సర్ట్ డబ్బాలకెల్లి ఎంచుకోండి, ఆ పేర్లు డాలర్ గుర్తుల నడుమ ఉంటయి, ఒక్క గుర్తు తప్పినా పని చెయ్యది. ఇప్పుడు "సూర్యాపేట 1306" అని పడుతది. జోన్లు ఒకదాని మీద ఒకటి పడితే లిస్టుల పైనున్నదే గెలుస్తది, కాబట్టి ఊరు పైన, జిల్లా కింద.

ఇంత చేసినా చాట్‌ల పేరు రాకపోతే మ్యాప్ విండో ప్రాపర్టీస్‌ల ఆటో రిపోర్ట్ ఫార్మాట్ (ముక్క కదిలితే చాట్‌ల పడే లైన్ నమూనా) చూడండి, పాత లొకేషన్, కొత్త లొకేషన్ రెండూ ఉండాలె. వేరే మ్యాపు నుంచి వచ్చిన ముక్కకు ఫార్మాట్ వేరే ఉంటది, అది మర్చిపోతరు. ఖాళీ జాగ మీద మౌస్ పెట్టినా పేరు కావాలంటే మౌస్ ఓవర్ స్టాక్ వ్యూయర్‌ల కనీసం ఎన్ని ముక్కలు అన్నకాడ సున్నా కొట్టండి. తెలుగుల పేర్లు పెడితే, అవతలోడి సిస్టంల తెలుగు ఫాంట్ లేకుంటే డబ్బాలు కనిపిస్తయి, ముందే అడిగి చూడండి.

ఆట మధ్యల ఉన్నా పేర్లు మార్చుకోవచ్చు. సేవ్ ఫైల్‌ల ముక్క ఎక్కడుందో పిక్సెల్ లెక్కన ఉంటది, ఊరి పేరు లెక్కన గాదు, అందుకే కొత్త మాడ్యూల్‌తోని తెరిస్తే ముక్కలు కదలవు. మ్యాపు బొమ్మ సైజు మార్చిన్రో, కోదాడల ఉన్నోడు పోయి కృష్ణల పడుతడు. వెర్షన్ నంబర్ పెంచి, మార్చిన మాడ్యూల్ అవతలోనికి కూడా పంపండి.