పెద్దగా పేరులేని ప్లేయర్ల పాత బేస్‌బాల్ కార్డులు: ఎలా కొనాలి, రేటు ఎలా కట్టాలి?

పాత బేస్‌బాల్ కార్డులు అనగానే అందరి నోటా ఆనాటి స్టార్ ప్లేయర్ మికీ మాంటిల్ పేరే వస్తుంది, టాప్స్ అనే కార్డుల కంపెనీ 1952లో వేసిన సెట్‌లో ఆయన కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకి పోయింది, అది మనకి అందేది కాదు. కానీ అదే సెట్‌లో మొత్తం 407 కార్డులున్నాయి, చాలావరకు ఇప్పుడెవరికీ గుర్తులేని ప్లేయర్లవే. కలెక్టర్లు వీటిని కామన్స్ అంటారు. నన్నడిగితే అసలు మజా వీటిలోనే.

ముందు ఒక్క సెట్ ఎంచుకోండి. కనిపించిందల్లా కొంటూ పోతే డబ్బులూ పోతాయి, రేటు కట్టడమూ రాదు.

కార్డు చేతికి రాగానే వెనక్కి తిప్పి నంబర్ చూడండి, కామన్స్‌లో పేరు కన్నా నంబరే ముఖ్యం. టాప్స్ వాళ్ళు అప్పట్లో సెట్‌ని సిరీస్‌లుగా వదిలేవాళ్ళు, సీజన్ చివర్లో వచ్చినవి ఎవరూ పెద్దగా కొనేవాళ్ళు కాదు, 1952వి అలా మిగిలిపోతే 1960లో తీసుకెళ్ళి అట్లాంటిక్ సముద్రంలో పడేశారు. అందుకే 311 నుంచి 407 వరకు అనామకుడి కార్డైనా ఖరీదే. 1967 సెట్‌లో 534 నుంచి 609 కూడా అంతే.

ఇక 1952 సెట్‌లో నంబర్ 1, ఆండీ పాఫ్కో అనే ప్లేయర్ కార్డు. పిల్లలు కార్డుల్ని వరసగా పేర్చి రబ్బర్ బ్యాండ్ వేసేవాళ్ళు కదా, పైనున్న పాఫ్కో నలిగిపోయేవాడు. నలగనిది ఒకటి దొరికితే 1998లో 80 వేల డాలర్లు దాటి పోయింది!

1909-11 నాటి టి206 అనే సెట్‌లోవి, అంటే సిగరెట్ పెట్టెల్లో వచ్చిన కార్డులైతే, వెనకున్న సిగరెట్ బ్రాండ్ చూడాలి. పీడ్‌మాంట్, స్వీట్ కాపోరల్ మామూలే, అదే ప్లేయర్ వెనక డ్రమ్ అనో ఉజిట్ అనో ఉంటే రేటు ఎన్నో రెట్లు.

తర్వాత కండిషన్. లైట్ కింద కార్డుని వాలుగా పట్టుకుంటే మడతలు బయటపడతాయి, మూలలు, నాలుగు వైపులా బార్డర్ సమానంగా ఉందా చూడండి. స్కేలు పెట్టి కొలవండి కూడా, 1957 నుంచి టాప్స్ సైజు రెండున్నర బై మూడున్నర అంగుళాలు, తగ్గిందంటే అంచులు కత్తిరించారేమోనని అనుమానించాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదని చెప్పే కార్డు యూవీ లైట్ కింద తెల్లగా మెరిస్తే కొనకండి, కొత్త పేపర్ మీద వేసిన రీప్రింట్ అయ్యుంటుంది.

రేటు కోసం ఈబేలో అడిగే ధరలు కాదు, సోల్డ్ లిస్టింగ్స్, అంటే నిజంగా అమ్ముడైన ధరలు చూడండి, అదే నంబర్ అదే కండిషన్‌లో ఈమధ్య అమ్ముడైనవి నాలుగైదు తీసుకుంటే లెక్క తేలుతుంది. మామూలు కామన్‌ని గ్రేడింగ్‌కి, అంటే కండిషన్ చూసి గ్రేడ్ ఇచ్చే కంపెనీకి పంపితే ఫీజే కార్డు కన్నా ఎక్కువవుతుంది. పంపాలనిపిస్తే ముందు పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ కంపెనీ పాపులేషన్ రిపోర్ట్‌లో (ఏ కార్డుకి ఏ గ్రేడ్ ఎన్నిటికి ఇచ్చారో చెప్పే లెక్క) ఆ గ్రేడ్‌లో ఎన్ని ఉన్నాయో చూడండి, బాగా తక్కువుంటే సెట్ పూర్తిచేసేవాళ్ళు పోటీపడి కొంటారు.

కొన్నాక పెన్నీ స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఆపైన టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టండి. మరక ఉన్నా సరే రబ్బరుతో మాత్రం రుద్దకండి.