న్యూ రివర్ గార్జ్‌లో మొదటి వేసవి: రాఫ్ట్ గైడ్ పనికి, కొండలెక్కడానికి వచ్చేవారికి

ముందు వీసా సంగతి తేల్చుకోండి. ఎఫ్-1 మీద చదువుకుంటున్నవారు వేసవి సెలవులే కదా అని వచ్చి ఇక్కడ రాఫ్ట్‌లో, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో, టూరిస్టులను నది మీద తిప్పే గైడ్‌గా పని చేయకూడదు. క్యాంపస్ బయట చేసే పని మామూలుగా మీ చదువుకు సంబంధించినదై ఉండాలి, దానికి అనుమతీ ఉండాలి. పడవ నడపడం కంప్యూటర్ సైన్స్ కిందికి రాదు. హెచ్-1బి వారు స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప ఇంకోటి పట్టుకోకూడదు. జీతం వద్దు, టిప్పులు చాలు అన్నా అది పనే అవుతుంది. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చాకే ఇందులోకి దిగాను. అంతకుముందు మూడు వేసవులు అందరిలాగే డబ్బు కట్టి రాఫ్ట్ ఎక్కాను, మిగిలిన రోజులు కొండలెక్కాను. సొంత సరదాకి కొండెక్కడానికి వర్క్ పర్మిట్‌తో పని లేదు కాబట్టి, వీసా చిక్కున్నవారు అలాగే రండి.

ఊరు వెస్ట్ వర్జీనియాలోని ఫేయెట్‌విల్. జనాభా మూడు వేల లోపు. పక్కనే లోతైన లోయ, దాని అడుగున న్యూ రివర్. పేరు కొత్తదే గానీ నది చాలా పాతది, దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. 2020 డిసెంబరులో ఈ లోయకు నేషనల్ పార్క్ హోదా వచ్చింది. లోయ మీద 1977లో పూర్తయిన ఉక్కు వంతెన నీటికి 876 అడుగుల ఎత్తున ఉంటుంది. రోజు ట్రిప్పు ముగించుకుని దాని కిందికి వచ్చేసరికి పడవలో అందరూ తలెత్తి చూస్తారు, నేను ఇప్పటికీ చూస్తాను.

మాది గోదావరిఖని. నది, బొగ్గు రెండూ చూస్తూ పెరిగినదాన్ని. ఇక్కడా అంతే. ఒడ్డున కేమూర్, నటల్‌బర్గ్ అనే పాత గనుల శిథిలాలున్నాయి. కేమూర్ గని ఊరి ఆనవాళ్లు చూడాలంటే 821 మెట్లు దిగాలి. మొదటిసారి దిగినప్పుడు ఫస్ట్ షిఫ్టుకు క్యారేజీ పట్టుకుని వెళ్లే నాన్న గుర్తొచ్చాడు. గైడ్ అంటే పడవ నడిపితే సరిపోదు, ఈ కథలు కూడా నేర్చుకోవాలి. హాక్స్ నెస్ట్ దగ్గర 1930లో మొదలైన సొరంగం పనిలో సిలికా దుమ్ము పీల్చి వందల మంది కూలీలు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివారు. ప్రశాంతంగా ఉన్న నీటి మీద ఈ సంగతి చెబితే పడవలో ఎవరూ మాట్లాడరు. చెప్పాలి.

ట్రైనింగ్ వసంతంలో ఉంటుంది. నీరు ఎక్కువగా, చల్లగా ఉంటుంది. వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో ఒంటి వేడి పోకుండా కాపాడే బిగుతు దుస్తులు) లేకుండా దిగకండి. సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి చేసే సాయం), ఫస్ట్ ఎయిడ్ శిక్షణ కార్డులు ముందే తీసుకుని వస్తే మీకే తేలిక. ఈత రాకపోతే ఈ ఏడాది ఆగి నేర్చుకోండి, లైఫ్ జాకెట్ ఉంది కదా అనుకోవద్దు.

జాకెట్ ఒక్కటే ఎందుకు చాలదో, నాకు జరిగింది చెబుతాను. కునార్డ్ దగ్గర ఎక్కి ఫేయెట్ స్టేషన్ దగ్గర దిగే భాగాన్ని లోయర్ న్యూ అంటారు. అందులో కీనీ అని వరసగా మూడు ర్యాపిడ్లు, అంటే నీరు రాళ్ల మధ్య వేగంగా పొంగి పారే చోట్లు, ఉన్నాయి: అప్పర్, మిడిల్, లోయర్. ట్రైనింగ్ రెండో వారంలో మిడిల్ కీనీలో పడవ అంచు మీంచి జారి నీళ్లలో పడ్డాను. పైకి తేలగానే నా కాళ్లు అడుగు వెతికాయి. గోదావరి మెట్ల దగ్గర మునిగి లేచి నిలబడిన అలవాటు అది. వెనక పడవలోంచి సీనియర్ గైడ్ "కాళ్లు పైకి!" అని అరిచింది. ఆ అరుపు వినబడకపోతే ఏమయ్యేదో. పారే నీళ్లలో నిలబడబోతే అడుగున రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటుంది, వెనక నుంచి నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. మోకాళ్ల లోతు నీళ్లలో కూడా ఇలా ప్రాణాలు పోతాయి. వెల్లకిలా పడుకుని, పాదాలు దిగువ వైపు పైకి పెట్టి, చేతులతో ఒడ్డుకు ఈదాలి. ఇది మీ ఒంటికి అలవాటయ్యేదాకా ఒడ్డు దగ్గర పదిసార్లు చేయండి. ఇక్కడ ఇంకో ప్రమాదం, కింద తొలుచుకుపోయిన రాళ్లు. పైకి మామూలు బండలా కనిపిస్తుంది, దాని అడుగు నుంచి నీరు లోపలికి పోతుంటుంది. అలాంటివి ఎక్కడెక్కడున్నాయో సీనియర్లను అడిగి ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకోండి.

నీటిని చదవడం బలంతో వచ్చేది కాదు. ఇంగ్లిష్ వి అక్షరం ఆకారంలో నున్నగా జారే నీరు కనిపిస్తే, దాని మొన దిగువకు ఉంటే అది దారి. మొన మన వైపు తిరిగి ఉంటే అక్కడ రాయి ఉన్నట్టు. మొదటి నెల నాకు ఇదొక్కటే ధ్యాస, కాఫీ తాగుతూ కూడా ఒడ్డున కూర్చుని నీళ్లే చూసేదాన్ని.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది గొంతు గురించి. కస్టమర్లను మర్యాదగా అడగడం మనకు అలవాటు. ర్యాపిడ్ హోరులో అది పనికిరాదు. ఫార్వర్డ్, బ్యాక్, స్టాప్ అని పొట్టలోంచి, పొట్టిగా రావాలి. యాస గురించి టెన్షన్ పడకండి. ప్రశాంతంగా ఉన్న నీళ్లలో నాలుగైదుసార్లు వాళ్లతో సాధన చేయించండి, మీ మాట వాళ్ల చెవికి పడుతుంది. ప్యాడిల్ చివర టీ ఆకారంలో ఉండే పిడి మీంచి ఎవరూ చెయ్యి తీయకుండా చూడండి. ఆ పిడి వదిలేస్తే పక్కవాళ్ల పళ్లు రాలతాయి.

ఇక కొండల సంగతి. ఇక్కడి రాయిని నటల్ శాండ్‌స్టోన్ అంటారు. ఇసుకరాయే అయినా ఎక్కువగా క్వార్ట్జ్‌తో, చాలా గట్టిగా ఉంటుంది. పార్కులో 1,400కు పైగా రూట్లు, అంటే ఎక్కే దారులు, ఉన్నాయి. భువనగిరి గుట్ట మీద నేర్చుకున్నవారికి మొదట్లో తికమకగా ఉంటుంది. అక్కడ నున్నటి గ్రానైట్ వాలు మీద పాదాన్ని నమ్ముకుని నడుస్తాం. ఇక్కడ గోడ నిటారుగా లేస్తుంది, అడ్డంగా పగుళ్లు, చూరులా బయటికొచ్చే అంచులు ఉంటాయి. భుజాలు, వేళ్లు బాగా పని చేయాలి. రూట్ల కష్టానికి అమెరికాలో అంకెలు ఇస్తారు, ఇక్కడ ఎక్కువ రూట్లు 5.9, అంతకంటే కష్టమైనవే, కాబట్టి మొదటి వారం నిరాశ పడకండి. కొత్తవారు జంక్‌యార్డ్ వాల్‌తో మొదలుపెట్టండి. పని అయ్యాక సాయంత్రం వెళ్లడానికి వంతెన కిందే ఉన్న బ్రిడ్జ్ బట్రెస్ అనే గోడ దగ్గరగా ఉంటుంది. వేసవిలో ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది.

అయితే మొదటి సీజన్ నదికి ఇచ్చేయండి. రోజంతా నీళ్లలో నానిన వేళ్ల చర్మం మెత్తగా ముడతలు పడి ఉంటుంది, గట్టి రాయి మీద ఒక్క పట్టుకే చిట్లుతుంది. చిట్లిన వేళ్లతో మర్నాడు ఆరుగురు మనుషులున్న పడవ తిప్పాలి. నేను వారానికి రెండు సాయంత్రాలకే పరిమితం చేసుకున్నాను, ట్రిప్పు లేని రోజు మాత్రం పొద్దున్నే వెళ్లేదాన్ని. సామాను కూడా కలపకండి. నీళ్లలో పడ్డవారికి విసరడానికి పడవలో పెట్టుకునే త్రో బ్యాగ్ తాడు నీటి మీద తేలుతుంది, కొండెక్కే నైలాన్ తాడు మునుగుతుంది. దాని పని దానికే ఉంచండి. పగుళ్లలో చెయ్యి పెట్టే ముందు చూడండి, కాపర్‌హెడ్, టింబర్ ర్యాటిల్ స్నేక్ అనే రెండు విషసర్పాలూ ఇక్కడున్నాయి. మూడేసి ఆకుల తీగ కనిపిస్తే తాకవద్దు, పాయిజన్ ఐవీ కావచ్చు. రాత్రి స్నానం చేసేటప్పుడు ఒంటి మీద టిక్ పురుగులు ఉన్నాయేమో వెతుక్కోండి.

డబ్బు ట్రిప్పుల లెక్కన వస్తుంది. వాన పడి ట్రిప్పులు రద్దయితే ఆ రోజు ఏమీ ఉండదు. నగదు టిప్పులు కూడా ట్యాక్స్‌లో చూపించాలి, చిన్న నోట్‌బుక్‌లో రోజూ రాసుకోండి. పనిలో దెబ్బ తగిలితే వర్కర్స్ కంపెన్సేషన్ ఉంటుంది, సాయంత్రం కొండ మీద తగిలితే ఉండదు. అందుకని సొంత హెల్త్ ఇన్సూరెన్స్ లేకుండా తాడు కట్టుకోకండి. చాలామంది గైడ్లు టెంట్లలోనే ఉంటారు. పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో డబ్బు కట్టక్కర్లేదు గానీ తాగునీరు ఉండదు, రెండు వారాలకు మించి ఒకేచోట ఉండనివ్వరు. కారు ఉండాలి. ఊళ్లో ఇండియన్ స్టోర్ లేదు. కందిపొడి, ఆవకాయ, చింతపండు, చిన్న కుక్కర్ తెచ్చుకోండి. పప్పన్నం వండితే తోటి గైడ్లందరూ మీ టెంట్ దగ్గరే ఉంటారు. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు, అమ్మకు ఆ మాట ముందే చెప్పండి. ఒకసారి చెప్పడం మరిచిపోయాను, పైకి వచ్చేసరికి పదిహేడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

జూలై ఉక్కపోతలో రాయి జారుతుంది. అప్పుడు సమ్మర్స్‌విల్ లేక్ గోడల దగ్గరికి వెళ్లండి, ఎక్కి, దిగి, నీళ్లలో ఈదొచ్చు. ఆ సరస్సు నీటినే సెప్టెంబరులో లేబర్ డే తర్వాత డ్యామ్ నుంచి వదులుతారు, వరసగా కాదు, వారాంతాల్లో, సాధారణంగా మొత్తం 22 రోజులు. అదే గాలీ నది సీజన్. పిల్లో రాక్, లాస్ట్ ప్యాడిల్ లాంటి క్లాస్ ఫైవ్, అంటే చాలా కష్టమైన, ర్యాపిడ్లు అక్కడున్నాయి. మొదటి ఏడాది గైడ్లకు ఆ నది పైభాగమైన అప్పర్ గాలీలో పడవ ఇవ్వరు, అడగకండి కూడా. కస్టమర్లు లేని పడవలో చోటుంటే సీనియర్ల వెనక కూర్చుని వెళ్లండి. సెప్టెంబరు రెండో వారానికే ఇంటికి టికెట్ కొనుక్కునేవాళ్లు చాలామంది, మీరు మాత్రం అక్టోబరు చివరిదాకా ఉండేలా చూసుకోండి. అప్పటికి ఉక్కపోత తగ్గుతుంది, రాయి పొడిగా, చేతికి పట్టునిస్తుంది, సరస్సు కిందికి దిగి జూలైలో మీరు ఈదిన చోట గోడ అడుగు కనిపిస్తుంది.